‘చదివాను, అర్థమైంది’ అని సంతకం చేయించే ముందు

మందుల ఫ్యాక్టరీలో పనిచేసినవాళ్లకు ట్రైనింగ్ రికార్డు అంటే ఏంటో చెప్పక్కర్లేదు. ఒక పని ఎలా చేయాలో రాసి పెట్టిన కాగితాన్ని ఎస్‌ఓపీ అంటారు. కొత్త ఎస్‌ఓపీ వచ్చినా, ఉన్నదానిలో ఒక్క లైను మారినా, ఆ సెక్షన్‌లో ఉన్న ప్రతి ఒక్కరూ పేరు రాసి, తేదీ వేసి సంతకం చేయాలి. ఆ కాగితం మీద ‘రీడ్ అండ్ అండర్‌స్టుడ్’ అని ఉంటుంది. చదివాను, నాకు అర్థమైంది అని ఒప్పుకుంటూ చేసే సంతకం అది. ఆడిట్‌కి వచ్చినవాళ్లు తప్పకుండా అడిగే ఫైళ్లలో అదొకటి. అందులో ఖాళీలు లేకపోతే అందరం ఊపిరి పీల్చుకుంటాం.

నేను హైదరాబాద్ శివార్లలో టాబ్లెట్లు తయారుచేసే ఒక ప్లాంట్‌లో క్యూఏలో, అంటే నాణ్యత చూసే విభాగంలో ఉన్నాను. ట్రైనింగ్ రికార్డులు చూసుకోవడం నా పనిలో భాగం. ఆ సంతకాలు చూసినప్పుడల్లా నన్ను తొలిచే ప్రశ్న ఒకటే. వీళ్లలో నిజంగా చదివినవాళ్లు ఎందరు? చదివినవాళ్లలో అర్థమైనవాళ్లు ఎందరు? గ్రాన్యులేషన్‌లో (పొడిని గుళికలుగా చేసేది), కంప్రెషన్‌లో (బిళ్లగా నొక్కేది), ప్యాకింగ్‌లో చేసే మావాళ్లు చాలామంది సంగారెడ్డి, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం వైపు ఊళ్ల నుంచి వచ్చారు. ఐటీఐ, ఇంటర్, కొందరు బీఎస్సీ. పదో తరగతి దాకా తెలుగు మీడియం. మెషీన్ చప్పుడు విని బేరింగ్ పోతోందని చెప్పేస్తారు. పొడి జారే తీరు చూసి తడి ఇంకా ఉందని పసిగడతారు. వాళ్ల పనితనం మీద నాకు ఎప్పుడూ అనుమానం లేదు. కానీ వాళ్లు చేయాల్సిన ప్రతి పనీ ఇంగ్లీషులో రాసి ఉంటుంది. చేసిన ప్రతి పనీ ఇంగ్లీషులోనే రాయాలి. అక్కడికి వచ్చేసరికి అంత పనిమంతుడూ పెన్ను పట్టుకుని పక్కవాడి వైపు చూస్తాడు.

దీనికి కంపెనీలు చేసేది ఒకటే, స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసు పెట్టించడం. శనివారం ఒక ట్రైనర్ వస్తారు. ఒక్కొక్కరినీ లేపి ‘ఇంట్రడ్యూస్ యువర్‌సెల్ఫ్’ అంటారు. పేరు, ఊరు, హాబీలు. నైట్ షిఫ్ట్ దిగి వచ్చిన మనిషి నిద్ర కళ్లతో లేచి నిలబడి తనకు క్రికెట్ ఇష్టమని అందరి ముందు ఇంగ్లీషులో చెప్పాలి. చెప్పలేకపోతే తలవంపులు. ఆ తర్వాత గ్రామర్ షీట్లు పంచుతారు. ఖాళీలు పూరించండి, ‘హ్యాజ్’ వస్తుందా ‘హ్యావ్’ వస్తుందా. చివర్లో సర్టిఫికెట్, గ్రూప్ ఫొటో. సోమవారం అదే మనిషి అదే బ్యాచ్ రికార్డు (ఒక్కో విడత తయారీలో చేసిన పనులన్నీ రాసే కాగితాలు) ముందు అలాగే నిలబడతాడు.

నేను ఎవరితోనైనా వాదించడానికి సిద్ధంగా ఉన్న మాట ఇది: ఫ్యాక్టరీ ఉద్యోగికి మొట్టమొదట కావాల్సింది చదివే ఇంగ్లీషు. అదీ బయటి పుస్తకాల్లోది కాదు, రోజూ తన చేతిలో ఉండే కాగితంలోది. మాట్లాడే ఇంగ్లీషు తర్వాత సంగతి. చాలామంది విషయంలో అది చదివిన మాటల్లోంచే వస్తుంది.

ఈ వాదన నాతో మొదలైంది కాదు. మైకేల్ వెస్ట్ అనే ఇంగ్లీషాయన 1920ల్లో ఢాకాలో టీచర్స్ ట్రైనింగ్ కాలేజీ నడిపేవాడు. బెంగాలీ పిల్లలకు ఇంగ్లీషు దేనికి అవసరమో చూసి, వాళ్లకు ముందు చదవడం నేర్పాలని 1926లో గట్టిగా రాశాడు. ఆయన అడిగిన ఒక ప్రశ్న నాకు చాలా ఇష్టం. కోర్సు పూర్తి చేసేవాళ్లు కొందరే, మధ్యలో మానేసేవాళ్లే ఎక్కువ కదా, అలా మానేసినవాడికి అప్పటిదాకా నేర్చుకున్నది ఏ మేరకు పనికొస్తుంది? దీనికి ఆయన పెట్టిన పేరు ‘సరెండర్ వాల్యూ’. ఎల్‌ఐసీ పాలసీ మధ్యలో ఆపేసిన ఎవరికైనా ఆ మాట తెలుసు. సగంలో ఆగిన స్పోకెన్ ఇంగ్లీషుకు సరెండర్ వాల్యూ దాదాపు సున్నా. నాలుగు క్లాసుల్లో నేర్చుకున్న నాలుగు వాక్యాలు వాడే చోటు దొరక్క నెలలో పోతాయి. చదవడం అలా కాదు. పది మాటలు వస్తే ఆ పది మాటలూ రేపటి కాగితంలో కనబడతాయి, ఎల్లుండి మళ్లీ కనబడతాయి. షిఫ్టులు మారుతూ, ఓటీలు చేస్తూ, క్లాసులు సగం ఎగ్గొట్టక తప్పని మనిషికి ఏది నేర్పాలో వెస్ట్ లెక్కతో చూస్తే తేలిపోతుంది.

అసలు మన కాగితాలన్నీ ఇంగ్లీషులో ఎందుకున్నాయంటే, వాటిని చదివేది మనం ఒక్కళ్లమే కాదు కాబట్టి. ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్ కాలం నుంచి బాలానగర్, జీడిమెట్ల చుట్టూ పెరిగిన మందుల పరిశ్రమలో ఈరోజు పెద్ద వాటా అమెరికా, యూరప్ ఆర్డర్లది. అక్కడి ఇన్‌స్పెక్టర్ వచ్చి బ్యాచ్ రికార్డు తెరుస్తాడు. అమెరికా నిబంధనల్లో 21 సీఎఫ్‌ఆర్ పార్ట్ 211 అని ఒకటుంది. మందు తయారీలో చేయి పెట్టే ప్రతి మనిషికీ తన పని చేయగలిగేంత చదువు, శిక్షణ, అనుభవం ఉండాలని అందులో 25వ సెక్షన్ చెబుతుంది. రాసి పెట్టిన పద్ధతినే పాటించాలని, పని చేస్తున్నప్పుడే రికార్డు రాయాలని 100వ సెక్షన్ చెబుతుంది. ఇన్‌స్పెక్షన్‌లో లోపం కనబడితే ఫారం 483 మీద రాసిచ్చి వెళ్తారు. దానికి 15 పనిదినాల్లో జవాబు పంపాలి. ఆ పదిహేను రోజులూ ఆఫీసులో ఎంత టెన్షన్ ఉంటుందో అనుభవించినవాళ్లకే తెలుసు. అంత టెన్షన్ పడతాం గానీ, రాసి పెట్టిన పద్ధతిని మన మనిషి చదవగలుగుతున్నాడా లేదా అన్నది మామూలు రోజుల్లో ఎవరమూ అడగం.

ఇప్పుడు చదవడంలో ఎక్కడ తడబడతారో చూద్దాం. తడి గ్రాన్యూల్స్‌ను వేడి గాలితో ఆరబెట్టే ఎఫ్‌బీడీ మెషీన్ ఎస్‌ఓపీల్లో వచ్చే తరహా వాక్యం ఒకటి తీసుకుంటాను. ‘స్టార్ట్ ద బ్లోయర్ ఓన్లీ ఆఫ్టర్ చెకింగ్ ద ఎర్తింగ్.’ ఇందులో తెలియని మాట ఒక్కటీ లేదు. స్టార్ట్, బ్లోయర్, చెకింగ్, ఎర్తింగ్ మా ఆపరేటర్లు తెలుగులో కూడా అవే అంటారు. కష్టమంతా వరసలో ఉంది. తెలుగులో మనం పని జరిగే వరసలోనే చెబుతాం. ఎర్తింగ్ చూసుకుని, ఆ తర్వాత బ్లోయర్ స్టార్ట్ చేయాలి అంటాం. ముందు చేసేది ముందు వస్తుంది, తర్వాత చేసేది తర్వాత వస్తుంది. ఇంగ్లీషు వాక్యం మాత్రం తర్వాత చేయాల్సిన పనిని ముందు పెట్టేసింది. మాట మాట ఏరుకుంటూ చదివేవాడి కంటికి మొదట పడేది ‘స్టార్ట్ ద బ్లోయర్’. సాల్వెంట్‌తో తడిపిన గ్రాన్యూల్స్ లోపల ఉన్నప్పుడు స్టాటిక్ చార్జ్ పోయే దారి లేకుండా బ్లోయర్ తిప్పితే నిప్పు అంటుకునే ప్రమాదం ఉంది. ‘ఆఫ్టర్’, ‘బిఫోర్’, ‘ప్రయర్ టు’, ‘అపాన్ కంప్లీషన్ ఆఫ్’ లాంటి మాటలకు మామూలు గ్రామర్ షీట్లలో పెద్ద విలువుండదు. మా దగ్గర అవి ప్రాణం.

అందుకే నేను ఎస్‌ఓపీ చదివించేటప్పుడు మొదట ఒక పని చెబుతాను. వాక్యంలో ఉన్న పనులన్నిటికీ పెన్సిల్‌తో నంబర్లు వేయమంటాను, రాసిన వరసలో కాదు, చేసే వరసలో. దీనికి టెన్స్‌ల పేర్లు తెలియక్కర్లేదు. మొదట్లో ఒకరి నంబర్లకూ ఇంకొకరి నంబర్లకూ పొంతన ఉండదు. ఎవరిది సరైనదో వాళ్లలో వాళ్లే వాదించుకుంటారు. ఆ వాదనంతా తెలుగులోనే సాగుతుంది, కానీ ప్రతి ఒక్కరి వేలూ ఇంగ్లీషు మాట మీదే ఉంటుంది. నేను చూసిన పాఠాల్లో ఇంతకంటే బాగా పనిచేసింది లేదు.

‘అన్‌లెస్’ దగ్గర ఇంకో తంటా. ‘డు నాట్ ప్రొసీడ్ అన్‌లెస్ లైన్ క్లియరెన్స్ ఈజ్ గివెన్ బై క్యూఏ.’ లైన్ క్లియరెన్స్ అంటే, పాత బ్యాచ్‌వి ఏవీ మిగల్లేదని చూసి పని మొదలుపెట్టడానికి ఇచ్చే అనుమతి. ‘అన్‌లెస్’ని స్కూల్లో ‘ఇఫ్ నాట్’ అని నేర్పుతారు. అప్పుడు వాక్యంలో రెండు ‘నాట్’లు చేరి బుర్ర వేడెక్కుతుంది. తెలుగులో దీనికి అచ్చు గుద్దినట్టు సరిపోయేది ఉంది: క్యూఏ వాళ్లు క్లియరెన్స్ ఇస్తే తప్ప ముందుకు వెళ్లొద్దు. ‘ఇస్తే తప్ప’ అనగానే అందరి మొహాలూ విప్పారతాయి. ఇక జన్మలో మర్చిపోరు. క్లాసులో తెలుగు మాట్లాడితే ఫైన్ వేసే ట్రైనర్లు ఉన్నారు. వాళ్లు ఆ మనిషి దగ్గరున్న బలమైన పనిముట్టునే లాగేసుకుంటున్నారు. చదివింది అర్థమైందో లేదో తెలుసుకోవడానికి నాకు తెలిసిన నమ్మకమైన దారి ఒకటే, తెలుగులో చెప్పమనడం. తెలుగులో తడబడకుండా చెప్పగలిగితే అర్థమైనట్టు. ఇంగ్లీషు వాక్యాన్నే తిరిగి అప్పజెబితే అర్థమైందో లేదో ఎవరూ చెప్పలేరు.

ఒకసారి గ్రాన్యులేషన్ వాళ్లతో కూర్చున్నప్పుడు ఈ వాక్యం వచ్చింది: ‘ఫింగర్ బ్యాగ్ షల్ బీ చెక్డ్ ఫర్ డ్యామేజ్ బిఫోర్ అండ్ ఆఫ్టర్ ఈచ్ బ్యాచ్ అండ్ ద సేమ్ షల్ బీ రికార్డెడ్.’ ఫింగర్ బ్యాగ్ అంటే ఎఫ్‌బీడీలో పొడి బయటికి పోకుండా ఆపే గుడ్డ సంచి. శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చిన ఒక కుర్రాడు చాలాసేపు ఆ వాక్యాన్నే చూశాడు. “మేడమ్, చెక్ చెయ్యాలని ఉంది గానీ ఎవరు చెయ్యాలో లేదండి. నేనా, సూపర్‌వైజర్ గారా?” అన్నాడు. పక్కనే ఉన్న సీనియర్ ఆపరేటర్ అందుకుని “ద సేమ్ అంటే ఏంది మేడమ్? బ్యాగు నంబర్ రాయాల్నా, చూసినమని రాయాల్నా?” అన్నాడు.

నేను వెంటనే జవాబు చెప్పలేదు. అది వాళ్లకు రాకపోవడం వల్ల వచ్చిన ప్రశ్న కాదు. జాగ్రత్తగా చదవడం వల్ల వచ్చిన ప్రశ్న. మనిషి పేరు చెప్పకుండా పని మాత్రమే చెప్పే ఆ వాక్యం అన్ని షిఫ్టుల్లోనూ ఎవరికి తోచినట్టు వాళ్లు నడిపించుకునే సందు ఇచ్చింది. రికార్డు తీసి చూస్తే ఒక షిఫ్టులో ఆపరేటర్, ఇంకో షిఫ్టులో సూపర్‌వైజర్ సంతకం చేసి ఉన్నారు. చేంజ్ కంట్రోల్ (మార్పుకు రాతపూర్వకంగా అనుమతి అడగడం) వేసి ఆ వాక్యాన్ని మార్పించాం. ఇప్పుడది మూడు చిన్న వాక్యాలు. ఆపరేటర్ బ్యాగును చూడాలి. చిరుగు ఉందో లేదో బ్యాచ్ రికార్డులో రాయాలి. సూపర్‌వైజర్ చూసి సంతకం చేయాలి. ఇంగ్లీషు సరిగా రాదని అందరూ అనుకునే ఇద్దరు మనుషులు, ఇంగ్లీషులో రాసి ముగ్గురు మేనేజర్లు అప్రూవ్ చేసిన పేజీలో లోపం పట్టుకున్నారు.

కాబట్టి నేర్చుకునే బరువంతా చదివేవాడి మీదే వేయడం న్యాయం కాదు. రాసేవాళ్లు కూడా నేర్చుకోవాలి. విమానాల రిపేరు మాన్యువళ్లు చదివే మెకానిక్కుల్లో చాలామందికి ఇంగ్లీషు మాతృభాష కాదని గుర్తించి, ఆ పరిశ్రమ 1980ల్లోనే సరళమైన ఇంగ్లీషుకు నియమాలు రాసుకుంది. ఇప్పుడు దాన్ని ఏఎస్‌డీ-ఎస్‌టీఈ100 అంటారు. వాడదగిన మామూలు మాటల పట్టిక తొమ్మిది వందలకు అటూ ఇటూ. పని చెప్పే వాక్యం 20 మాటలు దాటకూడదు. ఒక వాక్యంలో ఒక పనే చెప్పాలి, కలిపి చేసే పనులైతే తప్ప. విమానం ఎంత ముఖ్యమో మందు బిళ్ల కూడా అంతే ముఖ్యం. యూరప్ జీఎంపీ (మందుల తయారీలో మంచి పద్ధతులు) గైడ్‌లో నాలుగో అధ్యాయం కూడా ఎస్‌ఓపీలు ఆజ్ఞ రూపంలో, ఇది చెయ్యి అన్నట్టు సూటిగా ఉండాలనే చెబుతుంది. అయినా మన దగ్గర ‘షల్ బీ డన్ అండ్ ద సేమ్ షల్ బీ’ ధోరణి పోలేదు. పాత ఎస్‌ఓపీని కాపీ చేసి కొత్తది తయారుచేయడం వల్ల ఒకప్పుడు ఎవరో రాసిన వాక్యం తరాల తరబడి బతుకుతోంది. నిప్పు, సాల్వెంట్, ఎర్తింగ్ లాంటి ప్రాణాల మీదికి వచ్చే సూచనలైతే ఇంగ్లీషు పక్కనే తెలుగులో కూడా ఉండి తీరాలి. అందులో బేరం లేదు.

ఇక మాటల సంగతి. డిక్షనరీ కొని రోజుకు పది మాటలు బట్టీ పట్టమని సలహా ఇచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు. ఇంగ్లీషులో మాటలకు అంతు లేదు. న్యూజిలాండ్‌కు చెందిన భాషా పరిశోధకుడు పాల్ నేషన్ 2006లో వేసిన లెక్క ప్రకారం నవలో, పేపరో సాయం లేకుండా చదవాలంటే ఎనిమిది, తొమ్మిది వేల పద కుటుంబాలు (ఒకే మూలం నుంచి పుట్టిన మాటలన్నీ కలిపి ఒక కుటుంబం) తెలియాలి. అది విని భయపడక్కర్లేదు. ఒక సెక్షన్ కాగితాల్లో తిరిగే మాటలు అందులో చిన్న పాయ మాత్రమే, అవే మళ్లీ మళ్లీ వస్తాయి. ఎవరి సెక్షన్ మాటలు వాళ్లు ఏరుకోవాలి. తెలిసినట్టే ఉండి ఇక్కడ వేరే అర్థంలో వచ్చే మాటల్ని ముందు పట్టుకోవాలి. మెటల్ డిటెక్టర్ దగ్గర ‘చాలెంజ్ టెస్ట్’ అని ఉంటుంది. చాలెంజ్ అంటే సవాలని అందరికీ తెలుసు. ఇక్కడ దాని పని ఇనుము, ఇనుము కాని లోహం, స్టీలు ముక్కలున్న టెస్ట్ పీసుల్ని కావాలని పంపించి, మెషీన్ పట్టుకుని బయటికి తోస్తోందో లేదో చూడడం. ‘హోల్డ్’, ‘రిలీజ్’, ‘యీల్డ్’, ‘క్వారంటైన్’ కూడా అంతే. వీటిని నోట్‌బుక్‌లో కాక, ఆ పని జరిగే చోట, ఆ మెషీన్ ముందు నిలబడి నేర్చుకుంటే ఒంటపడతాయి.

‘చెక్’, ‘వెరిఫై’ రెండూ ఒకటే అనుకుని ఒకే మనిషి రెండు గడుల్లోనూ సంతకం చేసిన రికార్డులు నా చేతిలోకి వచ్చాయి. మా ఫార్మాట్‌లో చేసినవాడు ఒకడు, వెరిఫై చేసేవాడు ఇంకొకడు. నాలుగు కళ్లు చూడాలనే ఆ రెండో గడి ఉంది. ఆ ఒక్క మాట అర్థం కాకపోతే గడి నిండుతుంది గానీ రక్షణ పోతుంది.

రాయడం గురించి ఎక్కువ చెప్పను, చదివిన దాంట్లోంచే అది వస్తుంది. కానీ ఒక వాక్యం తరచూ కనబడుతుంది కాబట్టి చెప్పాలి. పద్ధతి తప్పి ఏదైనా జరిగితే రాసే డీవియేషన్ రిపోర్టుల్లో ‘ఐ యామ్ ఇన్ఫార్మ్‌డ్ టు సూపర్‌వైజర్’ అని రాస్తారు. నేను సూపర్‌వైజర్‌కి చెప్పాను అని వాళ్ల ఉద్దేశం. ఆ ‘యామ్’ చేరడంతో నాకు ఎవరో చెప్పారు అన్నట్టు తిరగబడుతుంది. ఎంక్వయిరీలో ఎవరు ఎవరికి ఎప్పుడు చెప్పారన్నదే అసలు ప్రశ్న. నైట్ షిఫ్ట్‌లో లోపం కనిపెట్టి, వెంటనే మెషీన్ ఆపి, పైవాళ్లకు చెప్పిన మనిషి తన మంచి పనిని తానే చెరిపేసుకున్నట్టవుతుంది. దీనికి పన్నెండు టెన్స్‌ల చార్టు అవసరం లేదు. డీవియేషన్ రాయడానికి జరిగిపోయిన కాలం ఒక్కటి చాలు: చూశాను, ఆపాను, చెప్పాను, పక్కన పెట్టాను. ఈ నాలుగింటినీ ‘యామ్’ లేకుండా రాయడం వస్తే రిపోర్టులో ముప్పావు వంతు వచ్చినట్టే.

ఇంటర్వ్యూల్లో మాట్లాడకపోతే ఉద్యోగం ఎవరిస్తారని నన్ను అడుగుతుంటారు. న్యాయమైన ప్రశ్నే. క్లయింట్ కాల్స్‌లో ఉండే సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి, సేల్స్‌లో ఉన్నవాళ్లకు మాట్లాడడం మొదటి అవసరమే, నేను కాదనను. ఫ్యాక్టరీలో ఇప్పటికే పనిచేస్తున్నవాళ్ల సంగతి వేరు. ఆపరేటర్‌గా చేరి ఆఫీసర్ అయినవాళ్లను, క్యూఏలోకి మారినవాళ్లను నేను చూశాను. వాళ్లను పైకి తెచ్చింది రికార్డు తప్పు లేకుండా రాయగలగడం, ఎస్‌ఓపీ మారితే ఏం మారిందో మిగతావాళ్లకు చెప్పగలగడం. అలాంటివాళ్లు ఆడిటర్ ప్రశ్నకు జవాబు చెప్పేటప్పుడు ఇంగ్లీషు ముక్కలు ముక్కలుగా వచ్చినా, ఒక్క ముక్క కూడా తప్పు చోట పడదు. ఆ మాటలు వాళ్లు వందసార్లు చదివినవి మరి. ఆడిటర్లు కూడా యాస చూడరు. చెప్పింది కాగితంలో ఉన్నదానితో సరిపోతుందా అని చూస్తారు. ఇంగ్లీషు పరీక్షల్లో కూడా చదవడం చిన్న విషయమేం కాదు. ఉద్యోగుల కోసం జపాన్‌లో 1979లో మొదలైన టోయిక్‌లో 200 ప్రశ్నలుంటే సరిగ్గా వంద చదవడం మీదే.

నేను కంపెనీలను అడిగేది ఖర్చుతో కూడిన పని కాదు. స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసుకు పెట్టే టైమును షిఫ్టు లోపలికి తీసుకురండి. నిద్ర మానుకుని, బస్సు వదులుకుని నేర్చుకోమంటే ఎవరూ నేర్చుకోరు. చదవడం కూడా పనే, దానికీ జీతం ఉండాలి. కాంట్రాక్టు వాళ్లను వదిలేయకండి, ప్యాకింగ్ లైన్ మీద చేతులు ఎక్కువగా వాళ్లవే. ట్రైనింగ్ తర్వాత ఇచ్చే టిక్కుల ప్రశ్నాపత్రం పక్కన పెట్టి, మారిన స్టెప్పును తెలుగులో చెప్పి, మెషీన్ దగ్గర చేసి చూపించమనండి.

ఎస్‌ఓపీ అప్రూవ్ అయిన రోజుకూ అమల్లోకి వచ్చే రోజుకూ మధ్య కొన్ని రోజులు ఉంచేది ట్రైనింగ్ కోసమే. చాలాచోట్ల ఆ రోజులన్నీ అలాగే గడిచిపోయి, చివరి సాయంత్రం రికార్డు చేతులు మారుతుంది, గంటలో అందరి సంతకాలూ పడిపోతాయి. క్యూఏలో ఉన్న తోటివాళ్లను నేను అడుగుతున్నది ఇదే. ఈసారి రివిజన్ రాగానే మొదటి రోజే మారిన లైన్లు మాత్రం పెద్ద అక్షరాలతో ప్రింట్ తీసి, నలుగురైదుగురిని కూర్చోబెట్టి, పెన్సిళ్లు ఇచ్చి చదివించండి. వాళ్ల ప్రశ్నలన్నీ రాసుకుని, జవాబు దొరకని ప్రశ్న ఒక్కటి మిగిలినా సరే, ఆ పేజీని రాసినవాళ్లకు వెనక్కి పంపండి. సంతకాల రికార్డు ఆ తర్వాతే బయటికి తీయండి.